రంగు వేసే చేతులు కడగడం నేర్చుకొంటే

ఇంటికి రంగు వేయించడం మనమందరము ఎరిగిన పనే. పండుగకు ముందు, పెళ్ళికి ముందు గోడలు గోకి, లప్పం పట్టించి, ఉప్పు కాగితంతో రుద్ది, రెండు పూతలు వేస్తే పాత ఇల్లు కొత్తదిగా కనబడుతుంది. పెయింటరు నేర్పు అంతా చక్కగా కప్పడంలోనే ఉన్నదని మనము అనుకొంటాము. అయితే కప్పడానికి ముందు తీసివేయడం అనే పని ఒకటి ఉన్నది. అమెరికా దేశంలో అది ఒక ప్రత్యేకమైన పనిగా పెరిగింది. గొప్ప ఒత్తిడితో నీటిని చిమ్మి ఇంటిని కడగడము, ఎండకు వానకు పాడైన చెక్క అరుగులను తిరిగి బాగుచేయడము అక్కడి పెయింటర్లు తమ వృత్తికి జతచేసుకొంటున్నారు. మన గ్రామాల నుండి వెళ్ళి అక్కడ స్థిరపడిన పిల్లల ఇండ్లలోను ఇట్టి అరుగులు ఉన్నవి. గనుక ఆ పెయింటర్లు ఏమి నేర్చుకోవలసి వస్తుందో, నేర్చుకోకుండ దిగితే ఏమి జరుగుతుందో ఈ నెల మన కుటుంబాలకు వివరింపగోరుచున్నాము.

డెక్ అంటే ఏమిటి?

అమెరికాలో ఎక్కువ ఇండ్లు చెక్కతోనే కడతారు. వెనుక తలుపు తీయగానే, నేలకు కొంత ఎత్తున, చెక్క దూలాల మీద పలకలు పరచిన వేదిక ఉంటుంది. దానినే డెక్ అంటారు. ఇంటి ముందరి అరుగు మనకెట్లో, వెనుక డెక్ వారికట్లు. సాయంకాలము అక్కడ కూర్చుంటారు, భోజనము చేస్తారు, పిల్లలు ఆడుకొంటారు. పైన్, సీడార్, రెడ్‌వుడ్ అనే చెట్ల కలప దీనికి ఎక్కువగా వాడతారు. ఇవి మన మద్ది, తుమ్మ వలె గట్టివి కావు.

పైన కప్పు లేనందున ఎండ, వాన, మంచు అన్నీ ఆ పలకల మీదనే పడతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్క నారను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థమును చెడగొడతాయి. వాన దానిని కడిగివేస్తుంది. పైపొర బూడిద రంగుకు తిరుగుతుంది. తేమ నిలిచిన చోట బూజు, పాచి పట్టి నల్లబడుతుంది.

ఇట్టి డెక్‌ను చూడగానే పెయింటరుకు తోచే మొదటి ఆలోచన మంచి రంగు రెండు పూతలు వేద్దామనే. కాని గోడ మీద నిలిచే రంగు నేల పలక మీద నిలవదు. మేకుల రంధ్రాల నుండి, సందుల నుండి, అడుగు నుండి నీరు లోపలికి పోతుంది. చెక్క ఉబ్బుతుంది, మరల ఎండి ముడుచుకొంటుంది. పైనున్న రంగు పొర దానితోబాటు సాగలేక పగిలి, పొక్కులు పొక్కులుగా లేచిపోతుంది. గనుక అన్ని యేండ్లుగా కప్పడము నేర్చుకొన్న చేయి ఇక్కడ తీసివేయడము నేర్చుకోవలసి ఉన్నది.

నీటి బలము

మన ఊళ్ళలో ట్రాక్టర్లను, లారీలను వాటర్ సర్వీసింగ్ చేసే చోట సన్నని గొట్టము నుండి నీరు ఎంత జోరుగా వస్తుందో చూచియే ఉంటాము. ఇది ఆ జాతి యంత్రమే. జర్మనీ దేశస్థుడైన ఆల్ఫ్రెడ్ కార్షర్ 1950లో వేడినీటితో పనిచేసే ఇట్టి యంత్రమును తయారుచేశాడు. తరువాత చిన్న యంత్రాలు వచ్చి, ఇండ్లకును చేరినవి.

దీని బలమును చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని లెక్కిస్తారు. కారు టైరులో గాలి సుమారు 30 పౌండ్లు ఉంటుంది. అక్కడి ఇంటి కుళాయిలో నీరు 40 నుండి 60 పౌండ్ల వరకు ఉంటుంది. ఈ యంత్రాలలో 1500 మొదలు 3000కు పైగా ఉంటుంది. అంత బలమును మెత్తని చెక్క మీద చూపిస్తే ఏమవుతుంది? నార చీలి నూగు లేస్తుంది. పలక మీద గాట్లు పడతాయి. ఒకసారి పడిన గాటును ఏ రంగూ దాచలేదు. అందుకే పైన్, సీడార్ పలకలకు 500, 600 పౌండ్ల దగ్గర ఆగమని పనివారు చెబుతారు. గట్టి కలపకైనను 1200 దాటనివ్వరు.

గొట్టము చివర బిగించే నాజిల్‌కు రంగుల గుర్తులున్నవి. ఎరుపుది నీటిని సూదివలె ఒకే ధారగా కొడుతుంది, దానిని చెక్క దగ్గరకు రానివ్వకూడదు. పసుపుది 15 డిగ్రీలు, ఆకుపచ్చది 25, తెల్లది 40 డిగ్రీల వెడల్పున నీటిని విసనకర్రవలె విప్పుతాయి. నల్లది సబ్బు నీటికి. చెక్కకు వెడల్పైనదే తగినది. నాజిల్‌ను ఒక అడుగు దూరములో ఉంచి, చెక్క నార వెంబడి, ఎక్కడా ఆగకుండ చేయి కదలించాలి. గోడలు కడిగేటప్పుడు నీటిని కింది నుండి పైకి కొట్టకూడదు. ఒకదానిమీద ఒకటి వరుసలుగా బిగించిన పలకల సందుల్లోనుండి నీరు గోడ లోపలికి పోయి, పైకి కనబడకుండ కుళ్ళిస్తుంది.

ఈ నీటి ధార మనిషి చర్మమును కూడ చీల్చగలదు. పైకి చిన్న రంధ్రమే కనబడినను, నీరు, మురికి లోపలికి దూరి కండను పాడుచేస్తుంది. చిన్న గాయమే గదా అని ఇంటికి పోకుండ వెంటనే ఆసుపత్రికి పోవాలి. ధారను మనిషి వైపు ఎన్నడును త్రిప్పకూడదు. కళ్ళద్దాలు, బూట్లు లేకుండ యంత్రము పట్టరాదు. పెట్రోలు యంత్రమును గదిలోను, కారు షెడ్డులోను నడపకూడదు. దానినుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాసన లేని విషవాయువు.

మందుకు సమయమివ్వాలి

బలము తగ్గిస్తే మురికి ఎట్లు పోతుంది? ఇక్కడే పెయింటరు కొత్త పాఠము నేర్చుకొంటాడు. మురికిని వదిలించేది మందు. నీరు దానిని కడిగివేస్తుంది, అంతే. సోడియం పెర్కార్బొనేట్ అనే తెల్లని పొడిని నీటిలో కలిపితే హైడ్రోజన్ పెరాక్సైడ్‌గాను, బట్టలు ఉతికే సోడాగాను విడిపోతుంది. దానిని చెక్క మీద పోసి, పది పదిహేను నిమిషాలు ఆరిపోకుండ తడిగా ఉంచి, బ్రష్షుతో రుద్ది కడిగితే బూజు, బూడిద పొర చాలమట్టుకు వదలిపోతాయి. క్లోరిన్ బ్లీచింగ్ బూజును తెల్లగా చేసినను, గాఢత ఎక్కువైతే చెక్క నారను కూడ తింటుంది.

సోడా తగిలిన చెక్క కొంచెము నల్లబడుతుంది. అప్పుడు ఆక్సాలిక్ ఆమ్లము కలిపిన నీరు చల్లుతారు. మేకుల తుప్పు మరకలు, నలుపు పోయి చెక్క తన సహజమైన రంగుకు వస్తుంది. మన ఇండ్లలో ఇత్తడి చెంబును చింతపండుతో తోమి మెరిపించుట కూడ పులుపు చేసే పనియే గదా! అయితే బ్లీచింగును ఆమ్లముతో గాని అమ్మోనియాతో గాని ఎంతమాత్రము కలుపరాదు, ఊపిరితిత్తులను కాల్చే వాయువు పుడుతుంది. పని మొదలుపెట్టకముందు చుట్టునున్న మొక్కలను నీటితో బాగా తడిపితే మందు పడినను అవి మాడిపోవు.

పాత చెక్కలో, పాత రంగులో విషము

చెక్కకు చెదలు, కుళ్ళు పట్టకుండ చాల యేండ్లపాటు అక్కడ రాగి, క్రోమియము, ఆర్సెనిక్ కలిసిన మందును పట్టించేవారు. ఆర్సెనిక్ విషము గనుక 2003 సంవత్సరాంతముతో ఇండ్ల పనికి దాని వాడకమును ఆపివేశారు. అంతకుముందు కట్టిన డెక్‌లో ఆ మందు ఉండవచ్చును. దానిని ముసుగు లేకుండ గీకకూడదు, జోరు నీటితో చిమ్మకూడదు, తీసిన చెక్కను పొయ్యిలో పెట్టకూడదు. అట్లే 1978కి ముందు కట్టిన ఇండ్ల రంగులో సీసము ఉండవచ్చును. 2010 ఏప్రిల్ నుండి ఇట్టి ఇండ్లలో పాత రంగును కదిలించే పెయింటరు శిక్షణ పొంది ధ్రువపత్రము కలిగి ఉండవలెనని అక్కడి ప్రభుత్వము నియమించింది.

ఇది మనకును సంబంధించిన మాటే. మన దేశములో గృహాలకు వాడే రంగులలో సీసము పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదను నియమము 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చింది. అంటే మన పాత కిటికీల మీది ఎనామిల్ రంగులో సీసము ఉండే అవకాశమున్నది. సీసము చిన్న పిల్లల మెదడుకు హాని చేస్తుంది. అట్టి రంగును పొడిగా గోకించవద్దు. తడిపి గీకించి, పెచ్చులను గోనె మీద పట్టి, పిల్లలు ఆడే చోట రాలకుండ తీసివేయించండి.

యజమానికి చెప్పవలసిన మాట

కడిగిన చెక్క నిజము చెబుతుంది. మురికి పోయిన తరువాత మెత్తబడిన పలకలు, తుప్పు తిన్న మేకులు బయటపడతాయి. నేర్చిన పనివాడు కడగకముందే స్క్రూ డ్రైవరుతో పలకలను గుచ్చి చూస్తాడు. అది సులభముగా దిగితే లోపల కుళ్ళిపోయిందన్నమాట. కటకటాలను పట్టి ఊపి చూస్తాడు. డెక్ ఇంటి గోడకు కలిసే చోట, కింది దూలాల దగ్గర మరీ జాగ్రత్తగా చూస్తాడు.

2015 జూన్ 16న కాలిఫోర్నియాలోని బర్క్‌లీ పట్టణములో ఒక భవనపు బాల్కనీ విరిగి పడింది. పుట్టినరోజు వేడుకకు చేరిన యువతీయువకులలో 6 మంది చనిపోయారు, 7 మంది గాయపడ్డారు. లోపల చేరిన నీటివలన దూలాలు కుళ్ళిపోయినట్లు పరిశీలనలో తేలింది. పైనుండి చూచినవారికి అది తెలియలేదు. ఆ తరువాత 2018లో ఆ రాష్ట్రము అపార్టుమెంట్ల బాల్కనీలను, డెక్‌లను నియమిత కాలములో తనిఖీ చేయించవలెనని చట్టము చేసింది.

“అదంతా ఎందుకు, పైన రంగు వేసిపో” అని యజమాని అన్నప్పుడు పెయింటరు ఏమి చేయాలి? కూలి డబ్బు చేతికి వస్తుంది, రంగు వేసిన మరుసటి దినము అందరూ మెచ్చుకొంటారు. కాని కుళ్ళిన దూలము మీద వేసిన అందమైన రంగు ఆ ఇంటి పిల్లలకు ఉరి వంటిది. ముందు వడ్రంగిని పిలిపించి బాగుచేయించండి, తరువాత నేను వస్తానని చెప్పగలవాడే ఈ పనికి తగినవాడు.

ఆరనివ్వడము

కడిగిన చెక్కను కనీసము రెండు దినాలు ఎండనివ్వాలి. తేమ కొలిచే చిన్న పరికరము ఉన్నది, అది 15 శాతము దగ్గరకో, అంతకు తక్కువకో వచ్చేదాకా ఆగుతారు. లేచిన నూగును ఉప్పు కాగితంతో తేలికగా రుద్ది, చెక్కలోనికి ఇంకే స్టెయిన్ అనే నూనె వంటి పూత వేస్తారు. ఇది పొరగా నిలువదు గనుక పెచ్చులూడదు, మెల్లగా వెలిసిపోతుంది. పల్చగా వేసి బ్రష్షుతో లోనికి పట్టించి, మిగిలినది గుడ్డతో తుడిచివేయాలి.

ఆ గుడ్డలతోనే ఒక పెద్ద అపాయమున్నది. అవిసె నూనె వంటివి ఆరేటప్పుడు వేడి పుట్టిస్తాయి. నూనె గుడ్డలను ముద్దగా పడవేస్తే నిప్పు పెట్టకుండనే అంటుకొంటాయి. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనము ఇట్లే కాలింది. చెక్క పనిని మెరుగుపరచినవారు వదిలిన నూనె గుడ్డలే దానికి కారణము. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకొన్నారు. గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరచి ఎండనివ్వాలి, లేదా నీరు నింపిన మూత డబ్బాలో వేయాలి.

మన పనివారికి, మన ఇండ్లకు

స్టెయిన్ రెండు మూడేండ్లకే వెలిసిపోతుంది గనుక, పని నచ్చిన ఇంటివారు పెయింటరును మరల పిలుస్తారు. అందుచేతనే ఈ విద్య జీవనోపాధికి ఆసరా అవుతుంది. యంత్రము కొనడము తేలిక. దానిని మొదట పనికిరాని పలకల మీద, తరువాత సొంత ఇంటి మీద, అటుపిమ్మట అనుభవజ్ఞుని పక్కన పట్టి నేర్చుకోవాలి. ఏ ఇంటిలోనైనా కనబడని మూలలో చిన్న ముక్క కడిగి చూచి, అప్పుడే మిగతా పనికి దిగాలి.

ఒత్తిడి నీటి యంత్రాలు ఇప్పుడు మన పట్టణాలలోను దొరుకుతున్నవి. పెయింట్ పని చేసే మన యువకులు ప్రహరీ గోడల పాచి కడగడానికి, పాత టేకు తలుపులను తిరిగి మెరిపించడానికి ఈ క్రమమే నేర్చుకోవచ్చును. ముందు పరీక్షించడము, తరువాత మెల్లగా కడగడము, ఆరనివ్వడము, చివరకు పూత. కుటుంబాలవారికి మేము చెప్పేది కూడ ఒకటున్నది. పెయింటరు వచ్చి, ఇంకా తడి ఆరలేదు, రెండు దినాలు ఆగుదామని అంటే, పండుగ దగ్గరకు వచ్చిందని అతనిని తొందరపెట్టకండి. ఆ రెండు దినాలకు కూడ కూలి లెక్కగట్టి ఇవ్వండి.