మాలాక్ కాదన్నప్పుడు

శాంటా క్లారాలో నలుగురు తెలుగువాళ్ళం భోజనాలకి కలిస్తే, పులిహోర అయ్యేలోపే కబుర్లు ఉద్యోగాల మీదకి మళ్ళడం మామూలే. మొన్న అలాగే కలిసినప్పుడు, కొత్తగా ఉద్యోగంలో చేరిన మా మేనల్లుడు అడిగాడు: "మామయ్యా, ఇప్పుడు మెషిన్లలో బోలెడు మెమరీ ఉంటుంది కదా! మాలాక్ ఫెయిలయిందా అని ప్రతిచోటా చూడటం దండగ కాదూ?"

ఒకప్పుడు నేనూ అలా అనుకున్నవాణ్ణే. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

సీ భాషలో మాలాక్ అంటే ఇంత మెమరీ కావాలని అడగడం. దొరికితే అడ్రస్ ఇస్తుంది, లేకపోతే నల్ ఇస్తుంది. అది చూసుకోకుండా అందులో రాయబోవడం "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్టే. మామూలుగా ప్రోగ్రాం అక్కడే కూలిపోతుంది. కూలిపోతే అదృష్టమే!

2008లో మార్క్ డౌడ్ అనే పరిశోధకుడు, మన పక్క ఊరు శాన్ హోసేలోని అడోబీ వారి ఫ్లాష్ ప్లేయర్‌లో ఇలాంటి లోపాన్నే వివరించాడు. ఫైల్లో ఒక అంకెని కావాలని చాలా పెద్దది చేస్తే మెమరీ దొరకదు. ఆ సంగతి చూడని ప్రోగ్రాం, దాడి చేసేవాడు ఎంచుకున్న చోట రాసేస్తుంది. ఇక కంప్యూటర్ వాడి చేతిలోకి వెళ్ళినట్టే. అడోబీ ఆ ఏడాదే దాన్ని సరిదిద్దింది.

అందుకని బయటనుంచి వచ్చే ఏ అంకెకైనా ముందే ఒక హద్దు పెట్టాలి. ఎన్ని, ఒక్కొక్కటి ఎంత అని గుణించేటప్పుడు లెక్క పొంగిపోయి, అడగాల్సినదానికన్నా చిన్న ముక్క అడిగే ప్రమాదం కూడా ఉంది.

నేను దెబ్బతిన్నది రీఅలాక్ దగ్గర. అది ఫెయిలైతే పాత మెమరీ చెక్కుచెదరదు. కానీ వచ్చిన నల్‌ని పాత పాయింటర్‌లోనే వేసుకుంటే పాత అడ్రస్ పోతుంది, అందులోని డేటా పోతుంది, ఆ మెమరీని విడిపించే దారీ ఉండదు. నేను చేసింది అదే. తక్కువ మెమరీ ఉన్న చిన్న పరికరం, రాత్రంతా మేలుకుని వెతికాం. జవాబుని వేరే పాయింటర్‌లో తీసుకుని, నల్ కాదని తేలాకే పాతదాన్ని మార్చాలి.

ఫంక్షన్ మధ్యలో మెమరీ దొరక్కపోతే, అప్పటిదాకా తీసుకున్నవన్నీ వెనకనుంచి ఒక్కొక్కటీ వదిలేసి, పిలిచినవాళ్ళకి ఎర్రర్ చెప్పాలి. పాయింటర్లన్నిటినీ మొదట్లోనే నల్ చేసుకుంటే ఈ పని తేలిక. నల్‌ని ఫ్రీ చేసినా ఏమీ కాదు.

మా వాడు వదల్లేదు. "లైనక్స్‌లో మాలాక్ దాదాపు ఎప్పుడూ సరేనంటుందిగా?" అన్నాడు. నిజమే. అక్కడ ముందు మాట మాత్రమే ఇస్తారు, అసలు మెమరీ వాడినప్పుడే ఇస్తారు. అప్పుడు లేకపోతే కెర్నెల్ ఏదో ఒక ప్రోగ్రాంని చంపేస్తుంది. కాబట్టి ముఖ్యమైన డేటాని ఎప్పటికప్పుడు డిస్కుకి రాసుకోవాలి. అలాగని నల్ రాదనుకోకూడదు. ప్రోగ్రాంకి మెమరీ పరిమితి పెట్టినా, మరీ పెద్ద ముక్క అడిగినా వస్తుంది.

చివరగా ఒక చిట్కా. మాలాక్‌ని సొంత ఫంక్షన్లో చుట్టి, మొదటిసారి ఒకటో పిలుపు, తర్వాత రెండోది, మూడోది, ఇలా వరసగా ఫెయిలయ్యేట్టు చేసి ప్రోగ్రాంని నడపండి. ఎస్‌క్యూలైట్ వాళ్ళు ఇలాగే పరీక్షిస్తారు.

సోమవారం సాయంత్రం మేనల్లుడు ఫోన్ చేశాడు. తన కోడ్‌లో ఏడో పిలుపు దగ్గర పడిపోయిందట.