ఏ ఎడిటర్ కావాలో మీ ఫొటోలే చెబుతాయి

పిన్ని కూతురి పెళ్లికి కొత్త కెమెరా పట్టుకెళ్లారనుకుందాం. రెండు రోజుల్లో 800 ఫొటోలు తీశారు. ఇంటికొచ్చి చూస్తే, తెల్లటి మధుపర్కాలు మండపం లైట్లకు పసుపులో ముంచినట్టు వచ్చాయి. వెనక డెకరేషన్ వెలిగిపోతోంది, పెళ్లికూతురి మొహం మాత్రం నీడలో పడింది. తలంబ్రాల ఫొటో బ్రహ్మాండంగా కుదిరింది గానీ, అంచున ఎవరిదో మోచెయ్యి దూరింది. దిద్దుకుందామని కూర్చోగానే అసలు చిక్కు. ఒకరు ఫొటోషాప్ అంటారు, ఒకరు లైట్‌రూమ్ అంటారు, ఇంకొకరు డబ్బు దండగ, గింప్ వేసుకో అంటారు. ముగ్గురి మాటా నిజమే. కాకపోతే ముగ్గురూ ఒకే పని గురించి చెప్పడం లేదు.

రెండు బల్లలు

ఫిల్ము రోజుల్లో స్టూడియోలో ఈ పని రెండు చోట్ల జరిగేది. చీకటిగదిలో ఫిల్ము కడిగి, ప్రింటు వేసేటప్పుడు వెలుగునీడలు సరిచేసేవారు. బయట ఏటవాలు బల్ల ముందు కూర్చుని, సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగటివ్ మీదే మచ్చలు, ముడతలు కప్పేసేవారు. దాన్ని టచింగ్ అనేవారు.

నేటి సాఫ్ట్‌వేర్లు ఈ రెండు బల్లలకూ వారసులు. 1990లో వచ్చిన ఫొటోషాప్, 1996లో జనం చేతికొచ్చిన గింప్ టచింగ్ బల్ల వైపువి. ఫొటోను చుక్కచుక్కగా మార్చగలవు, రెండు ఫొటోలను కలిపి ఒకటి చేయగలవు. 2007లో వచ్చిన లైట్‌రూమ్, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ చీకటిగది వైపువి. డార్క్‌టేబుల్‌లో దిద్దుబాటు చేసే భాగం పేరే డార్క్‌రూమ్. వందల ఫొటోల్లోంచి మంచివి ఏరడం, వెలుగూ రంగూ సరిచేయడం వీటి అసలు పని. ఒక ఫొటోకు కుదిరిన సవరణను అదే వెలుగులో తీసిన మరో 50 ఫొటోలకు ఒక్క దెబ్బలో వేసేయొచ్చు. పైగా అసలు ఫైలును ముట్టుకోవు. ఏమేం మార్చారో విడిగా రాసిపెట్టుకుంటాయి, నచ్చకపోతే మొదటికి వెళ్లిపోవచ్చు.

అందుకే సాఫ్ట్‌వేరు వెతికే ముందు, మీరు తీసిన చివరి 100 ఫొటోలు తెరవండి. ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి: వెలుగు, రంగు, క్రాప్, తుడిచివేత. ఒక్కో ఫొటోకు ఏది అవసరమో ఆ గడిలో గీత పెట్టండి. మొదటి మూడు గళ్లు నిండితే మీకు కావాల్సింది చీకటిగది. నాలుగోది నిండితే టచింగ్ బల్ల. సరదాకు ఫొటోలు తీసేవాళ్లలో చాలామందికి నాలుగో గడి దాదాపు ఖాళీగానే మిగులుతుంది.

పిండా, అట్టా?

తరువాతి ప్రశ్న: మీ ఫొటోలు జేపెగ్‌లా, రా ఫైళ్లా? అట్ల పిండిలో ఉప్పు తక్కువైతే మరికాస్త కలుపుకోవచ్చు. పెనం మీంచి దిగిన అట్టు మీద ఉప్పు చల్లితే ఆ రుచి రాదు. రా ఫైలు పిండి, జేపెగ్ అట్టు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, తెలుపు ఎలా ఉండాలో కెమెరా అప్పటికే తేల్చేసి ఉంటుంది. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుంటాయి. నీడలో మునిగిన మొహాన్ని పైకి తేవాలన్నా, మధుపర్కాలను మళ్లీ తెల్లబరచాలన్నా ఆ మెట్లే ఆధారం.

ఫోనుతో జేపెగ్‌లు తీసి వాట్సాప్‌లో పంపుకునేవారికి గూగుల్ ఉచితంగా ఇచ్చే స్నాప్‌సీడ్ చాలు. రా తీసేవారు ముందు కెమెరా కంపెనీ ఇచ్చేదే వాడి చూడొచ్చు: కెనాన్‌కు డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నికాన్‌కు ఎన్‌ఎక్స్ స్టూడియో ఉన్నాయి. రెండూ ఉచితమే. కెమెరా తెర మీద చూసిన రంగులు వీటిలో దాదాపు అలాగే కనిపిస్తాయి. అవి చాలకపోతే డార్క్‌టేబుల్, రాథెరపీ ఉన్నాయి. వీటికీ పైసా కట్టనక్కర్లేదు గానీ, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. లైట్‌రూమ్‌కు డబ్బు కడతారు, బదులుగా త్వరగా చెయ్యి తిరుగుతుంది. పాఠాలూ ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి.

అద్దె ఇల్లు

డబ్బు లెక్క ఇక్కడే చూసుకోవాలి. ఫొటోషాప్, లైట్‌రూమ్ తయారుచేసే అడోబీ 2013 నుంచి తన సాఫ్ట్‌వేర్లను చందా పద్ధతికి మార్చింది. ఒక్కసారి కొనుక్కుని దాచుకునే లైట్‌రూమ్‌లో 2015 నాటి ఆరో వెర్షనే చివరిది. లైట్‌రూమ్ క్లాసిక్‌కు చందా ఆపేస్తే మీ ఫొటోలు ఎక్కడికీ పోవు. తెరిచి చూసుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. కానీ దిద్దే గదికి తాళం పడుతుంది.

ఉచితమైనదీ శాశ్వతం కాదు. ఎంతోమంది ఇళ్లలో ఆల్బమ్‌గా పనిచేసిన పికాసాను గూగుల్ 2016లో ఆపేసింది. దీనికి తలకిందులుగానూ జరుగుతుంది: ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కోవాల్సిన అఫినిటీ ఎడిటర్‌ను 2024లో కాన్వా కంపెనీ కొంది, మరుసటి ఏడాది ఉచితం చేసింది. రేపు ఏది ఎవరి చేతిలో ఉంటుందో మన చేతిలో లేదు.

కాబట్టి గదిలో చేరేముందే బయటికి దారి చూసుకోవాలి. ఒక సాఫ్ట్‌వేరు రాసుకున్న సవరణలను ఇంకొకటి ఉన్నదున్నట్టు చదవలేదు. ఏళ్ల తరబడి చేసిన పని ఆ గదిలోనే ఉండిపోతుంది. దీనికి విరుగుడు సులువే. అసలు ఫైళ్లను మీరు పేరుపెట్టుకున్న ఫోల్డర్లలోనే ఉంచండి, వేరే డిస్కులో ఒక నకలు పెట్టండి. నచ్చిన ఫొటో పూర్తికాగానే పూర్తి సైజు జేపెగ్‌గానో, 16 బిట్ల టిఫ్‌గానో బయటికి తీసిపెట్టండి.

ఎంచుకోవడానికి పది ఫొటోలతో పరీక్ష పెట్టండి. మీవే, బాగా ఇబ్బంది పెట్టినవే. డబ్బు కట్టే వాటికి చాలావరకు ట్రయల్ ఉంటుంది. అవే పదింటినీ రెండు సాఫ్ట్‌వేర్లలో దిద్ది, వారం తరువాత పక్కపక్కన పెట్టి చూడండి. ఏది బాగుందో ఒక్కటే చూస్తే చాలదు. దేని ముందు మళ్లీ కూర్చోబుద్ధవుతోందో కూడా చూసుకోండి. ఒక్క జాగ్రత్త: తెర వెలుగు మరీ ఎక్కువ పెట్టుకుని దిద్దితే, ఆల్బమ్‌లో ప్రింట్లు నల్లగా వస్తాయి. ఆ తప్పు ఏ సాఫ్ట్‌వేరుదీ కాదు.

ఇక ఆ పెళ్లి ఫొటోలు. రా ఫైళ్లయితే, వైట్ బ్యాలెన్స్ పికర్‌తో మధుపర్కం మీద వెలుగుకు పేలిపోని తెల్లటి చోట ఒక్క నొక్కు నొక్కితే పసుపు చాలావరకు దిగిపోతుంది. నీడల స్లైడరు కాస్త జరిపితే మొహం తేటపడుతుంది. ఉచితంగా దొరికే వాటిలోనూ ఈ రెండూ ఉన్నాయి. మోచెయ్యికైతే సాఫ్ట్‌వేరు కొనడం ఎందుకు? క్రాప్ చేయండి, పోతుంది.