మంటల్లో మాట వినిపించాలంటే

మంటలు రేగిన ఇంట్లోకి దూరిన ఫైర్‌మన్‌కు బయటి లోకంతో ఉన్న బంధమల్లా చేతిలోని వాకీటాకీయే. అమెరికాలో అనలాగ్ సెట్లు పోయి డిజిటల్ సెట్లు వస్తున్న రోజుల్లో, లోపలివాళ్లు మాట్లాడింది బయటివాళ్లకు అర్థం కావడం లేదన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. కొలరాడోలోని బౌల్డర్‌లో ఉన్న ప్రభుత్వ ప్రయోగశాల రంపం మోతనూ, అలారాల గోలనూ కలిపి రెండు రకాల సెట్లనూ పరీక్షించింది. కొన్ని రకాల మోతల్లో డిజిటల్ కంటే అనలాగ్ మాటే బాగా అర్థమైందని 2008లో తేల్చింది.

కారణం డిజిటల్ సెట్ పనితీరులోనే ఉంది. అనలాగ్ సెట్ మైకులో పడిన చప్పుడును ఉన్నదున్నట్టు తరంగం మీదికెక్కిస్తుంది. డిజిటల్ సెట్ అలా చేయదు. అందులోని వోకోడర్ గొంతును కొలిచి, అంకెలుగా కుదించి పంపుతుంది. డీఎంఆర్ అనే డిజిటల్ పద్ధతి సెట్లలో మాటకు దక్కేది సెకనుకు 2,450 బిట్లు. మామూలు డిజిటల్ టెలిఫోన్ లైనుకు 64,000. అంత ఇరుకులో మాట పట్టడమే గొప్ప. కానీ వోకోడర్‌ను మనిషి గొంతు కోసం తయారుచేశారు. రంపం మోత కలిస్తే దాన్నీ గొంతుగానే లెక్కగట్టబోయి, అసలు మాటను చెడగొడుతుంది.

దూరం పెరిగేకొద్దీ తేడా ఇంకా తెలుస్తుంది. అనలాగ్‌లో బుస్సుమనే చప్పుడు మెల్లగా పెరుగుతుంది. అందులోంచే చెవి ‘రెండో అంతస్తు’ అన్న ముక్కను ఏరుకుంటుంది. డిజిటల్‌లో చివరిదాకా గొంతు గాజులా స్పష్టంగా ఉంటుంది, ఆ తర్వాత మాట ముక్కలై ఉన్నట్టుండి ఆగిపోతుంది. సిగ్నల్ పోబోతోందని చెవికి ముందుగా తెలిసే అవకాశం తక్కువ. ప్రాణం మీదికొచ్చిన వేళ ఈ తేడా చిన్నదేమీ కాదు.

అలాగని డిజిటల్‌ను తీసిపారేయలేం. 12.5 కిలోహెర్ట్జ్ చానల్లో అనలాగ్‌కు ఒక్క సంభాషణే పడుతుంది, డీఎంఆర్‌కు రెండు. సెట్ సగం సమయమే ప్రసారం చేస్తుంది కాబట్టి బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. రహస్యంగా మాట్లాడుకోవచ్చు, మనిషి ఎక్కడున్నాడో చూడొచ్చు. ఢిల్లీ మెట్రో లాంటి రద్దీ వ్యవస్థను పాత సెట్లతో నడపడం కష్టం. అక్కడ వాడే టెట్రా పద్ధతి 25 కిలోహెర్ట్జ్‌లో నాలుగు సంభాషణలు నడుపుతుంది.

సముద్రం మీద మాత్రం రెంటినీ పక్కపక్కనే పెట్టుకున్నారు. ఆపదలో ఉన్న ఓడ ఎర్ర బటన్ నొక్కితే 70వ చానల్లో డిజిటల్ సంకేతం వెళ్తుంది. నోటితో చెప్పాల్సింది 16వ చానల్లో, 156.8 మెగాహెర్ట్జ్ మీద, అనలాగ్‌లోనే చెబుతారు. విశాఖ, కాకినాడ రేవుల నుంచి వెళ్లే పడవల్లోని వీహెచ్‌ఎఫ్ సెట్‌కూ ఆ 16వ చానలే దిక్కు. నా దృష్టిలో నేల మీదా ఇలా రెంటినీ ఉంచుకోవడమే సరైన పద్ధతి.

డిజిటల్ సెట్లలో చాలావాటికి అనలాగ్‌లోనూ పనిచేసే వీలుంది. ఫ్యాక్టరీకైనా, ఆసుపత్రికైనా, జాతర బందోబస్తుకైనా సెట్లు కొనేవారు ఒక చానల్‌ను అనలాగ్‌లో, మాటను అందుకుని మళ్లీ పంపే రిపీటర్ అవసరం లేకుండా సెట్ నుంచి సెట్‌కు నేరుగా అందేలా పెట్టించుకోవాలి. డబ్బు కట్టే ముందే ఒకరిని సెల్లార్లోకి పంపి, జనరేటర్ ఆన్ చేయించి, పక్కన నిలబడి మాట్లాడమనండి. పైనున్నవారు విన్నది విన్నట్టు కాగితం మీద రాయాలి. రెండు పద్ధతుల్లోనూ ఇలా చేసి, ఆ కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకోండి.