రొదలోని లెక్క ఎవరిది?

మిర్యాలగూడ రైస్‌మిల్లు గేటు దగ్గరైనా, సూర్యాపేట, కోదాడల మీదుగా సాగే 65వ నంబరు జాతీయ రహదారి పక్క హోటల్లోనైనా సీసీ కెమెరా పట్టిన దృశ్యం మామూలుగా చేరేది హార్డ్ డిస్కులోకే. అలాంటి డిస్కును తప్పుల్లేకుండా చదివే ఒక లెక్క మీద అమెరికాలో ఏడేళ్లు వ్యాజ్యం నడిచింది. లెక్కకు పేటెంటేమిటని అడిగేవారికి ఆ కేసులోనే జవాబుందని నా నమ్మకం.

డిస్కు మీద సమాచారమంటే అయస్కాంత దిశలే. ఎదురెదురు దిశలున్న రెండు భాగాలు కలిసే సరిహద్దు గీత గీసినట్టు ఉండదు, గరుకుగా ఉంటుంది. చదివేటప్పుడు వచ్చే రొదలో పెద్ద భాగం అక్కడే పుడుతుంది. సాగర్ ఎడమకాల్వ కింద ఒక మడి నిండా నీళ్లుండి పక్క మడి ఎండితే మధ్య గట్టు చెమ్మగిలుతుంది. రెండూ ఒక్కతీరుగా ఉంటే ఆ బెడద తక్కువ. డిస్కులోనూ అంతే: రొద ఎంతన్నది పక్కపక్కన ఏం రాశామన్నదాన్ని బట్టి మారుతుంది. పాత పద్ధతులు రొద అంతటా ఒకే తీరున, దేనికది విడిగా ఉంటుందనుకునేవి. బిట్లు ఇరుకయ్యే కొద్దీ ఆ ఊహ పనికిరాకుండా పోయింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి అలెక్సాండర్ కావ్‌చిచ్, ఆచార్యుడు హోసే మౌరా ఆ రొదల మధ్య సంబంధాన్నే లెక్కలోకి తెచ్చారు. 2001, 2002లలో పేటెంట్లు వచ్చాయి.

ఆ పద్ధతిని అనుమతి లేకుండా వాడుకుందంటూ మార్వెల్ అనే చిప్‌ల కంపెనీ మీద విశ్వవిద్యాలయం 2009లో పిట్స్‌బర్గ్ కోర్టుకెక్కింది. తాము వాడింది అసలు పద్ధతి కాదని, సులువు చేసుకున్న వేరే పద్ధతని కంపెనీ వాదించింది. కానీ దాని ఇంజనీర్లు తమ ప్రోగ్రాములకు పెట్టుకున్న పేర్లలోనే ‘కావ్‌చిచ్’ ఉంది! 2012 డిసెంబరులో జ్యూరీ 117 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలంది. ఏ వస్తువూ తయారుచేయని విశ్వవిద్యాలయానికి ఇంత సొమ్మా అన్న అభ్యంతరంలో కొంత న్యాయముంది. జిల్లా కోర్టు ఆ మొత్తాన్ని ఇంకా పెంచితే, 2015లో అప్పీలు కోర్టు ఆ పెంపును కొట్టేసింది. అమెరికాలోకి దిగుమతైన చిప్‌లకు ఒక్కోదానికి 50 సెంట్ల చొప్పున సుమారు 27.8 కోట్ల డాలర్లను ఖాయం చేసి, మిగతా చిప్‌లు ఎక్కడ అమ్మినట్టో తేల్చమని వెనక్కి పంపింది. 2016లో 75 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అతి ఉంటే సరిదిద్దే దారి ఉందనడానికి ఇది చాలు.

గణితం అందరి సొత్తు, దానికి కంచె వేయకూడదన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నిజమే. అయితే కావ్‌చిచ్, మౌరాలు రొదలోంచి అసలు బిట్ల వరసను పోల్చుకునే 1967 నాటి విటెర్బీ లెక్కను సొంతం చేసుకోలేదు. అయస్కాంత సంకేతాన్ని చదివే పనిలో దాన్ని కొత్తగా నడిపిన తీరునే కోరారు. మన పేటెంటు చట్టం 3(కె) నిబంధన గణిత పద్ధతులకు, ఒట్టి కంప్యూటర్ ప్రోగ్రాములకు పేటెంటు ఇవ్వదు. అయినా సాంకేతిక ఫలితం ఉన్న ఆవిష్కరణను ప్రోగ్రామన్న ఒక్క సాకుతో తోసిపుచ్చరాదని 2019లో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. గీత గీయాల్సిన చోటు అదే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక మనవి. మీ ప్రాజెక్టులో కొత్తదనం ఉందనిపిస్తే పత్రికకో సదస్సుకో పంపేముందే దరఖాస్తు వేయండి. ముందే బయటపెడితే సాధారణంగా హక్కు పోతుంది. తెలంగాణ దరఖాస్తులు చూసేది చెన్నై పేటెంటు కార్యాలయం. 2021 నుంచి విద్యాసంస్థలకు ఫీజులో 80 శాతం తగ్గింపు కూడా ఉంది.