విద్యార్థి క్రీడాకారుల పేరు ఎవరి సొత్తు?



మా పొరుగింటి యిల్లాలి కుమార్తె అమెరికాదేశమునందొక విశ్వవిద్యాలయమున టెన్నిసు ఆడుచు, ఆ యాటవలన లభించిన విద్యార్థివేతనముతో చదువుకొనుచున్నది. మొన్న ఆ తల్లి మా యింటికి వచ్చి, "వదినగారూ! అక్కడి పిల్లలు బూట్ల కంపెనీల ప్రకటనలలో కనబడి డబ్బు పుచ్చుకొనుచున్నారట. చదువుకొను పిల్లలకది తగునా? మా అమ్మాయి పుచ్చుకొనవచ్చునా?" అని యడిగినది. మా వారు బడిపంతులు గావున, "చదువు వేళ చదువు, సంపాదన వేళ సంపాదన" యని యొక్కమాటలో తేల్చివేసిరి. మాకు మాత్రము దానితో మనస్సు కుదుటపడలేదు. పిమ్మట మేము విచారించి తెలిసికొన్న సంగతులను చదువరులకు విన్నవించుచున్నాము.

అమెరికాలో కళాశాలల క్రీడలను నడపు ప్రధాన సంఘము 1906వ సంవత్సరమున ఏర్పడినది. దానిని ఎన్.సి.ఎ.ఎ. యందురు. క్రీడాకారుడైన విద్యార్థి ధనాశ లేక ఆడవలయుననియు, జీతము, బసా, భోజనము మొదలగు విద్యావ్యయమునకు మించి తన యాటవలన ధనమార్జింపరాదనియు 2021 వఱకు దాని నియమముగా నుండెను. వినుటకిది పవిత్రమైన యాదర్శమే. కాని ఆ యాటలను చూచుటకు వేలకొలది జనులు రుసుము చెల్లింతురు. టెలివిజనువారు కోట్ల డాలర్లిత్తురు. శిక్షకులు లక్షల డాలర్ల వేతనములు గైకొందురు. అందఱికిని ధనము దోషము కానప్పుడు, చెమటోడ్చి యాడిన పిల్లవానికి మాత్రమే యది దోషమగుట యెట్లు?

ఈ నియమము ఒక యిల్లాలినెట్లు తాకినదో వినుడు. 1955లో కొలరాడో రాష్ట్రమున రే డెనిసన్ అను విద్యార్థి తన కళాశాల పక్షమున ఫుట్‌బాలు ఆడుచు, తలకు దెబ్బ తగిలి మరణించెను. పనివాండ్రకిచ్చు నష్టపరిహారమును తనకిప్పింపుడని అతని భార్య న్యాయస్థానమును వేడుకొనెను. కళాశాల ఫుట్‌బాలు వ్యాపారము చేయుట లేదనియు, అతడు దాని పనివాడు కాడనియు 1957లో ఆ రాష్ట్రపు సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఇట్టి దావాలకు వెఱచియే 'విద్యార్థి-క్రీడాకారుడు' అను పదమును వాడుకలోనికి తెచ్చితిమని, ఆ సంఘమునకు చిరకాలము కార్యనిర్వాహకుడైన వాల్టర్ బైయర్సు తరువాత తన గ్రంథమున వ్రాసినాడు. పవిత్రతయను ముసుగు క్రింద లెక్కల పుస్తకము దాగియుండుట మనకిందు తెలియుచున్నది.

ఈ నియమపు బరువు స్త్రీలపై మఱింత యెక్కువగా పడినది. ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు ఆటలలో మేటియైన బాలుడు కళాశాల విడిచిన పిదప గొప్ప వేతనమునకు ఆడవచ్చును. ఈతలోను, జిమ్నాస్టిక్సులోను బాలికలకట్టి కొలువులు అరుదు. వారి బలము, కీర్తి తఱచుగా కళాశాల యీడుననే ఉచ్చస్థితి నందును. మిస్సీ ఫ్రాంక్లిన్ పదునేడేండ్ల ప్రాయమున, 2012 లండన్ ఒలింపిక్సులో నాలుగు బంగారు పతకములను గెలిచినది. తోటివారితో కూడి కళాశాల పక్షమున ఈదవలెనను కోరికచే, 2015 వఱకు ప్రకటనల ధనమును కాదనుకొన్నది. కేటీ లెడెకీ 2018లో ఆ ధనమునే యెంచుకొని, కళాశాల పోటీలను విడిచినది. చదువు, తోటివారి చెలిమి, తన కష్టఫలము — వీనిలో నొకటి పొందుటకు మఱియొకటి వదలుకొమ్మనుట న్యాయమా?

ఈ కట్టు మెల్లమెల్లగా సడలినది. తన రూపమును వీడియో ఆటలో వాడుకొనుచుండుట చూచి, ఎడ్ ఒబానన్ అను పూర్వపు బాస్కెట్‌బాలు క్రీడాకారుడు 2009లో దావా వేసెను. 2014లో న్యాయస్థానము చాలవఱకు అతని పక్షమున తీర్పు చెప్పినది. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రము విద్యార్థులకు తమ పేరుమీద ధనమార్జించు హక్కునిచ్చుచు చట్టము చేసినది. 2021 జూన్‌లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మండుగురు న్యాయమూర్తులును ఏకకంఠముతో, విద్యకు సంబంధించిన సహాయముపై సంఘము విధించిన పరిమితులు వ్యాపారపోటీ చట్టమునకు విరుద్ధమనిరి. ఆ జూలై 1వ తేదీనుండి సంఘము ప్రకటనల ధనమునకు అనుమతించినది. ఆ నెలలోనే టోక్యోలో బంగారు పతకము గెలిచిన సునీసా లీ, కళాశాల జట్టులో ఆడుచునే ప్రకటనల ధనమును కూడ పొందగలిగినది.

ఐనను మా వారి సందేహము వట్టిది కాదు. కొందఱు ధనికులు ప్రకటనల పేరు పెట్టి, మేటి యాటగాండ్రను తమకిష్టమైన కళాశాలకు రప్పించుకొనుచున్నారు. ఆటకంటె అందమునకే వెలకట్టు వర్తకులును కలరు. 2025 జూన్‌లో న్యాయస్థానము ఆమోదించిన రాజీ ప్రకారము, కళాశాలలే క్రీడాకారులకు నేరుగా ధనము పంచవచ్చును. తొలి సంవత్సరము ఒక్కొక్క కళాశాలకు పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. పాత బాకీలక్రింద చెల్లించు ధనములో అధికభాగము ఫుట్‌బాలు, బాస్కెట్‌బాలు ఆడిన పురుషులకే పోవునని, స్త్రీలకు సమత నొసగు 1972 నాటి చట్టమునకది విరుద్ధమని కొందఱు క్రీడాకారిణులు అప్పీలు చేసిరి.

భారతమున రెండు కథలు మాకు జ్ఞప్తికి వచ్చుచున్నవి. ద్రోణుడు తాను నేర్పని విద్యకు ఏకలవ్యుని బొటనవ్రేలు దక్షిణగా గొనెను. కళాశాల విద్య నేర్పుచున్నది నిజమే. కాని నేర్పినంతమాత్రమున శిష్యుని పేరు గురువు సొత్తు కాజాలదు. రెండవది కర్ణుని కథ. రంగస్థలమున అతని నైపుణ్యము చూచి దుర్యోధనుడు అంగరాజ్యము నిచ్చెను. ఆ యొక్క దానమునకు కర్ణుడు జీవితాంతము కట్టువడెను. ఏకలవ్యునివలె నష్టపోరాదని ధనము నంగీకరించు బాలిక, కర్ణునివలె బందీ కాకుండుటయు నావశ్యకము.

కావున మా నిశ్చయమిది. తన పేరుతో వచ్చు ధనమును విద్యార్థి పొందుట న్యాయమే. మన పి.వి. సింధు 2016లో రియోలో రజతపతకము గెలిచిన పిదప ప్రకటనలలో కనబడగా మనమెవ్వరము తప్పుపట్టలేదు, సంతోషించితిమి. కాని ఒప్పందమును తల్లిదండ్రులు, న్యాయవాది చదివిన తరువాతనే సంతకము చేయవలయును. అది యెన్నేండ్లు కట్టివేయునో, పరీక్షల దినములలో పిలువవచ్చునో లేదో ముందుగనే తెలిసికొనవలయును. వచ్చిన సొమ్ములో పన్నునకు, భవిష్యత్తునకు భాగము తీసి దాచవలయును. గాయమొక్కటి తగిలిన ఆట నిలిచిపోవచ్చును, చదువు మాత్రము నిలుచును.

ఇక మా పొరుగు వదినగారికి మేమిచ్చిన ప్రత్యుత్తరము: "అమ్మాయి విద్యార్థి వీసాపై నున్నది. అక్కడ ఉండి పనిచేసి సంపాదించుటకు ఆ వీసా నియమములే అడ్డు. విశ్వవిద్యాలయమున ఆ వ్యవహారములు చూచువారిని అడుగక యే కాగితముపైనను సంతకము చేయవలదని నేడే వ్రాయుడు." ఆమె నిట్టూర్చి, "ఆడుట ఒకే మైదానమున, హక్కు మాత్రము వేఱా?" యన్నది. ఆ ప్రశ్నకు మా వారును బదులు చెప్పలేకపోయిరి.