సెప్టెంబరు 25: బాలసుబ్రహ్మణ్యము గారి మరణముపై అపోహలు – వాస్తవములు

సంగీతచరిత్రలో సెప్టెంబరు 25 తెలుగువారికి మరపురాని తేది. 2020వ సంవత్సరమున ఆనాటి మధ్యాహ్నము ఒంటిగంట నాలుగు నిమిషములకు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యము గారు చెన్నై నగరమున కన్నుమూసిరి. ఆ తేది వచ్చినపుడు ఆయన పాటను స్మరించుకొనవలసిన మనము, అందుకు మారుగా, ఆ దినములలోనే పుట్టి ఆ దినములలోనే ఖండింపబడిన ఒక దుర్వార్తను మరల తవ్వి తీసి, చేతిఫోనులలో ఒకరికొకరము పంపుకొనుచు, గతించినవారికిని బ్రదికియున్నవారికిని అపకారము చేయుచున్నాము.

ఆ దుర్వార్త యేమనగా, ఆసుపత్రి బిల్లు పూర్తిగా చెల్లింపనిదే బాలు గారి పార్థివదేహమును అప్పగింపమని యాజమాన్యము భీష్మించెననియు, కుటుంబమువారు తమిళనాడు ప్రభుత్వమును వేడుకొనగా వారు పెడచెవిని పెట్టిరనియు, కడకు అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారి కుమార్తె కలుగజేసికొని ధనము చెల్లించిన పిమ్మటనే దేహము వెలుపలికి వచ్చెననియు.

ఇది కాలక్షేపపు ముచ్చటయే గదా యనువారు మా హుజూరాబాదు వీథులలో కొంతసేపు నిలబడి వినవలెను. పాట నేర్చుకొందునని మారాము చేయు పిల్లవానితో ఇంటి పెద్ద లనుచున్న మాట యిది: "అంత పెద్ద బాలుకే ఆఖరికి బిల్లు కట్ట దిక్కు లేకపాయె, నువ్వు పాటలు నేర్సుకొని ఏం జేస్తవ్‌రా?" జరుగని సంఘటన యొకటి ఒక బాలుని కంఠమును మూయించుచున్నది. సంగీతమును వృత్తిగా గొన్నవాడు దిక్కులేక చచ్చుననుటకు ఈ కట్టుకథ సాక్ష్యమై కూర్చున్నది. అందుచేత దీనిని మొదలంట పెకలింపక తప్పదు.

మొదట కాలక్రమమును చూడుడు. కరోనా సోకి 2020 ఆగస్టు 5న ఆయన చెన్నైలోని ఎం.జి.ఎం. హెల్త్‌కేర్ ఆసుపత్రిలో చేరిరి. (మన ప్రాంతమువారు ఎం.జి.ఎం. అనగానే వరంగల్లులోని సర్కారు దవాఖానను తలచుదురు. ఇది అది కాదు, ప్రైవేటు వైద్యశాల.) ఆగస్టు 14 మొదలు వెంటిలేటరుతోను, రక్తమునకు వెలుపలినుండి ప్రాణవాయువు నందించు ఎక్మో యంత్రముతోను ప్రాణము నిలిపిరి. సెప్టెంబరు మొదటి వారమునకు శరీరమున క్రిమి లేదని పరీక్షలు తెలిపినను, దెబ్బతిన్న ఊపిరితిత్తులు కోలుకొనలేదు. 24వ తేది స్థితి విషమించెను. మరునాడు గుండెయు శ్వాసయు ఆగిపోయెను. ఆ సాయంకాలమునకు మునుపే దేహము నుంగంబాకములోని స్వగృహమునకు చేరినది, ప్రజలు బారులు తీరి దర్శించిరి. రాత్రికి తామరైపాక్కములోని ఆయన తోటకు తరలించిరి. 26వ తేదిని అచ్చటనే అంత్యక్రియలు జరిగినవి. మరణించిన కొలది గంటలలో ఇంటికి చేరిన దేహమును బిల్లుకొరకు బంధించి యుంచుట యెప్పుడు జరిగినట్లు? ప్రభుత్వమునకు మొర పెట్టుకొనుట, వారు త్రోసిపుచ్చుట, ఢిల్లీకి విన్నవించుట, ధనము వచ్చుట, ఇవన్నియు ఏ గడియలో ఇమిడినవో ఈ కథను పంపువా రెవ్వరును ఆలోచింపరు.

రెండవది, తమిళనాడు ప్రభుత్వము పెడచెవిని పెట్టెననుట. ఆయన మరణించిన దినముననే ముఖ్యమంత్రి పళనిస్వామి గారు అధికార లాంఛనములతో అంత్యక్రియలు జరుపుదుమని ప్రకటించిరి. పోలీసులు గౌరవవందనము చేసి తుపాకులు పేల్చి వీడ్కోలు చెప్పుట దేశమంతయు టీవీలలో చూచినది. 2024 సెప్టెంబరు 25న, సరిగా నాల్గవ వర్ధంతినాడు, ఆయన నివసించిన వీథికి ఆయన పేరు పెట్టుచున్నట్లు ప్రకటించినదియు ఆ రాష్ట్ర ప్రభుత్వమే.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఇంటివారి మాట. పుకారు పుట్టిన వెంటనే కుమారుడు చరణ్ వీడియోలో మాటలాడి దానిని ఖండించెను. అంతటితో ఆగక సెప్టెంబరు 28న ఆసుపత్రి వైద్యులతో కలిసి పత్రికలవారి యెదుట కూర్చుండి, ఎప్పటికప్పుడు బిల్లులు చెల్లించుచునే వచ్చితిమనియు, కడపటి దినమున మిగిలిన సొమ్ము మాట యెత్తగా ఆసుపత్రివారే వలదనిరనియు విశదముగా చెప్పెను. తండ్రిని పోగొట్టుకొని మూడు దినములే యైన కుమారుడు, శోకమును ప్రక్కకు నెట్టి, బిల్లుల సంజాయిషీ చెప్పుకొనవలసి వచ్చుట మన జాతికి గౌరవము కాదు.

దిక్కులేని కుటుంబమను మాటకు మరియొక సమాధానము కలదు. అదే 2020 ఫిబ్రవరిలో బాలు గారు నెల్లూరులోని తమ పైతృకగృహమును వేదపాఠశాల నిమిత్తము కంచి మఠమునకు దానము చేసిరి. ఏడు నెలలనాడు ఇల్లు దానమిచ్చిన చేయి, అదే యేట దేహమును విడిపించుకొన లేకపోయెనని నమ్ముటకు మన మనస్సెట్లు ఒప్పినది?

ఎందుకు ఒప్పినదో నేనెఱుగకపోలేదు. కరోనా కాలమున ఇచ్చటినుండి కరీంనగరమునకును, వరంగల్లునకును, హైదరాబాదునకును రోగులను తీసికొనిపోయి, పొలమమ్మియో అప్పుచేసియో బిల్లులు కట్టినవారు మన నడుమనే యున్నారు. ఆ భయము నిజము, ఆ గాయము నిజము. అయినను మన గాయము నిజమైనంతమాత్రమున దానిపై పూసిన అబద్ధము నిజము కానేరదు. ఆసుపత్రుల దోపిడిపై కోపమున్నచో మన ఊరివారికి వేసిన బిల్లులను పట్టుకొని అడుగవలెను గాని, ఒక గాయకుని శవమును అడ్డుపెట్టుకొనరాదు.

ఈ పుకారునకు తోబుట్టువు మరియొకటి కలదు: హైదరాబాదులో జరిగిన ఒక టీవీ కార్యక్రమమున ఒక యువగాయని మూలముననే ఆయనకు వ్యాధి సోకెనని. ఆమె తన పరీక్షాపత్రమును బయటపెట్టి, ఆయన ఆసుపత్రిలో చేరిన తరువాతనే తనకు వ్యాధి యున్నట్లు తేలినదని చెప్పుకొనవలసి వచ్చెను. తానును, తన యింటివారును రోగముతో నున్న సమయమున ఒక స్త్రీ మోసిన నింద యిది. దానిని మోపినవారిలో ఒక్కరైనను క్షమాపణ కోరిరా?

ఇక చిల్లర అపోహలు.

అపోహ: బ్రదికియున్నవారు పోయిరని పుకారు పుట్టిన వారికి ఆయుష్షు పెరుగును.
వాస్తవము: 2020 జూన్‌లో ఎస్. జానకి గారు మరణించిరని వదంతి రాగా, చిన్న శస్త్రచికిత్స జరిగినదని, ఆమె క్షేమమని ఇంటివారు తెలిపిరి. తెల్లవారినది మొదలు వచ్చుచున్న ఫోనులకు తాళలేక బాలు గారే వీడియోలో మందలించిరి. పుకారు పెంచునది వేదననే గాని ఆయుష్షును కాదు.

అపోహ: బాలు గారి దేహమును ఖననము చేయుటలో ఏదో రహస్యమున్నది.
వాస్తవము: పండితారాధ్యుల వారను ఇంటిపేరే ఆరాధ్యశైవ పరంపరను చాటుచున్నది, ఆ సంప్రదాయమున ఖననమే ఆచారము. పండితారాధ్య చరిత్రమును రచించిన పాలకురికి సోమనాథుడు పుట్టిన నేలకు ఇరుగుపొరుగున నుండి మనము అడుగవలసిన ప్రశ్న కాదిది.

అపోహ: సెప్టెంబరు 25 సంగీతజ్ఞులకు అచ్చిరాని దినము.
వాస్తవము: రష్యా స్వరకర్త షోస్టకోవిచ్ 1906లోను, కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1932లోను పుట్టిన దినము కూడ ఇదియే.

అపోహ: వర్ధంతి తేదికి, ఆబ్దికము తిథికి తేడా వచ్చినచో రెంటిలో ఒకటి తప్పు.
వాస్తవము: రెండును ఒప్పే. బాలు గారు గతించిన 2020లో అధిక ఆశ్వయుజము వచ్చినది. తిథి తేదితో కలసి నడువదు.

ఒక్క నమ్మకమును మాత్రము, మనస్సొప్పకున్నను, కొంత అంగీకరింపవలసియున్నది. బాలు గారు శాస్త్రీయ సంగీతము నేర్వలేదు, కావున పాటకు శిక్షణ అక్కరలేదని పలువు రందురు. మొదటి సగము నిజము. ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథకులు. చెవికి సంగీతము ఇంటనే సోకినది గాని, గురుముఖమున క్రమముగా కర్ణాటక సంగీతము అభ్యసింపలేదు. అయినను 'శంకరాభరణము'నకు జాతీయ బహుమానము వచ్చినది. రెండవ సగము మాత్రము పచ్చి అబద్ధము. ఆ చిత్రపు పాటలకు కె. వి. మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది గారు దగ్గర కూర్చుండి నేర్పగా, ఆయన పట్టుబట్టి సాధన చేసి పాడిరి. 1966 డిసెంబరు 15న కోదండపాణి గారి సంగీతమున తొలిపాట పాడినది మొదలుగా, నాలుగు భాషలలో ఆరు జాతీయ బహుమానములు పొందువరకు ఆయన విద్యార్థిగనే యుండిరి. పాఠశాలకు పోకపోవుట వేరు, నేర్చుకొనకపోవుట వేరు.

కావున చదువరులకు నా మనవి. ప్రసిద్ధులను గూర్చిన మరణవార్తగాని, ఆసుపత్రి వార్తగాని చేతికందినపుడు, ఇంటివారు ఏమనిరో, వైద్యులు ఏ ప్రకటన చేసిరో పత్రికలలో చూచువరకు ముందుకు పంపకుడు. ఆ వార్తలో తేదియు, చెప్పినవారి పేరును లేకున్న దానిని చెరిపివేయుడు. పెద్దలు పంపినదైనను, "ఇది అబద్ధము బాపూ" అని మెల్లగా చెప్పుటలో తప్పులేదు.

తేదులపై అంత మక్కువ యున్నచో చేయదగిన పని మన ముంగిటనే యున్నది. మన హనుమాజీపేట బిడ్డ సి. నారాయణరెడ్డి గారు 1931 జూలై 29న పుట్టి 2017 జూన్ 12న గతించిరని ఎందరు పిల్లలకు చెప్పితిమి? కొమురవెల్లి మల్లన్న కథను రాత్రి పొడుగున పాడిన ఒగ్గు కళాకారుల, ఇంటింట శారద కథ చెప్పిన గాయకుల పుట్టిన దినములు ఏ పంచాంగమునను లేవు. వారు బ్రదికియుండగనే వారి యింటికి పోయి, పేరు, ఊరు, గురువు, పాడిన కథలు, తెలిసినంతవరకు తేదులు ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. వచ్చు సెప్టెంబరు 25న ఆ దుర్వార్తను పంపుట మాని, పాట నేర్తునను పిల్లవానిని గురువు చెంతకు పంపుడు.