స్ఫటికపు అంచున

కరగినప్పుడే ఘనపదార్థపు పరమాణుక్రమము చెదరునని పాఠము చెప్పుచున్నాము. సిలికాన్ స్ఫటికము మనలను సవరించుచున్నది. అది కరగుటకు 1414 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. కాని దాని ఒకానొక ముఖముపైనున్న అల్లిక సుమారు 850 డిగ్రీలకే చెదరును. లోపలి కట్టుబడి నిలిచియే యుండును.

కారణమేమి? పైవరుస పరమాణువులకు పైన పొరుగు లేదు. తెగిన బంధములను తగ్గించుకొనుటకై అవి ఏడింట ఏడు గళ్ల సమచతుర్భుజములుగా ముగ్గు తీర్చుకొనును. 1983లో బిన్నిగ్, రోరర్ ప్రభృతులు ఈ ముగ్గును చుక్కచుక్కగా చూపిరి.

వేడి తగ్గునపుడు ఆ ముగ్గు ఉపరితలమంతట నొక్కసారిగా పుట్టదు. మెట్లవలె నున్న పరమాణు వరుసల పై అంచులయందు మొలకెత్తి, అరుగులమీదికి ప్రాకును. 1981లో జపాను శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో దీనిని గాంచిరి.

క్రమము అంచున మొదలగును. చివరి బల్లను మరువని ఉపాధ్యాయునకు ఇది క్రొత్త మాట కాదు.